జడలు కట్టిన నెత్తికి ఏది పోయాలి: కుంకుడు, శీకాయ, సోడా, శనగపిండి

మామూలు జుట్టుకు శనగపిండి పెట్టి రుద్దుకుంటే, మిగిలిపోయిన పొడి దువ్వెన పెట్టినప్పుడు రాలిపోతుంది. జడలు కట్టిన జుట్టుకు దువ్వెన లేదు. పాయ లోపలికి దిగిన పిండి అక్కడే తడుస్తుంది, అక్కడే ఎండుతుంది, వచ్చే వారం తలకు పోసుకున్నప్పుడు మళ్లీ నానుతుంది. నెల తిరిగేసరికి దగ్గర కూర్చున్నవాళ్లకు పులిసిన దోసెపిండి వాసన కొడుతుంది. షాంపూ మానేసి ఇంట్లో దొరికేదానితో కడుక్కుందామనుకునే వాళ్లు ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. మురికి తీసే గుణం వంటింట్లో చాలా వాటికి ఉంది. మురికితో పాటు తానూ నీళ్లలో కొట్టుకుపోయేవి కొన్నే.

మన దిక్కు ఈ ప్రశ్న అడిగేవాళ్లు రెండు రకాలు. హైదరాబాద్‌లో సెలూన్‌కు పోయి డ్రెడ్‌లాక్స్ వేయించుకొని వచ్చిన పిల్లలు ఒకరు. దేవుడి పేరున జడలు కట్టాయని కత్తిరించకుండా, దువ్వకుండా ఏళ్ల తరబడి మోస్తున్న అవ్వలు, శివసత్తులు ఇంకొకరు. నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు మీద వెలసిన స్వామి పేరే జడల రామలింగేశ్వరుడు. అమావాస్యకు ఆ గుట్టెక్కే జనంలో జడలు కట్టిన తల కనిపిస్తే ఎవరూ వింతగా చూడరు. పిల్లల పాయలు వేలంత లావుంటాయి, విడివిడిగా వేలాడతాయి. అవ్వల జట చాలాసార్లు మణికట్టంత లావు, కొన్నిచోట్ల అంతా కలిసి ఒకే అట్ట. రెండింటికీ కడిగే సరుకు ఒకటే. ఆరబెట్టడంలోనే తేడా, అది తర్వాత చెప్పుకుందాం.

ముందు నీళ్ల సంగతి

నల్లగొండ, మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ, ఇటు పాలమూరులో కల్వకుర్తి, నారాయణపేట దిక్కు బోరు నీళ్లతో తలకు పోసుకున్నవాళ్లకు తెలుసు, జుట్టు బిరుసెక్కి పీచులా అవుతుంది. ఫ్లోరైడ్ వల్లనే ఇదంతా అనుకుంటారు గానీ, ఫ్లోరైడ్ తాగితే ఎముకలకు, పళ్లకు చేటు. జుట్టును బిరుసు చేసేది నీళ్లలోని సున్నం, మెగ్నీషియం. తాగేనీళ్ల భారత ప్రమాణం (ఐఎస్ 10500) ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. బోరు నీళ్లు కాచిన గంజు అడుగున తెల్లటి పొర కడుతున్నదంటే మీ నీళ్లు గట్టివే.

సరిగ్గా తెలుసుకోవాలంటే చిన్న పరీక్ష ఉంది. అర లీటరు సీసాలో సగం దాకా మీ నీళ్లు పోసి, గోరంత సబ్బు తురుము వేసి, పదిహేను సెకన్లు గట్టిగా ఊపండి. టీఎఫ్ఎం (సబ్బులోని మొత్తం కొవ్వు) శాతం రాసి ఉన్న స్నానం సబ్బే వాడాలి, బట్టల డిటర్జెంట్ బిళ్లతో ఈ పరీక్ష తేలదు. నురుగు పైన నిలబడి, కింద నీళ్లు దాదాపు తేటగా ఉంటే మెత్తని నీళ్లు. నురుగు చచ్చిపోయి, నీళ్లు పాలలా మారి, తెల్లటి తునకలు తేలితే గట్టి నీళ్లు. ఆ తునకలే సబ్బుతో కడిగిన ప్రతిసారీ పాయల్లో చేరేది. సబ్బు, సున్నం కలిసి నీళ్లలో కరగని జిడ్డు అవుతుంది. దువ్వే జుట్టులో అది కొంత రాలిపోతుంది. పాయలో పేరుకుంటుంది, బూడిద రంగు మైనంలా గోరుకు తగులుతుంది. కాబట్టి స్నానం సబ్బును జాబితాలోంచి మొదటే కొట్టేయండి, అది ఎంత 'సహజం' అని రాసి ఉన్నా సరే.

ఇంటికి మిషన్ భగీరథ (సర్కారు తాగునీటి పథకం) నల్లా వస్తుంటే తలస్నానానికి ఆ నీళ్లు రెండు బకెట్లు పట్టిపెట్టుకోవడం మంచిది. శుద్ధి చేసిన నది నీళ్లు మన బోరు నీళ్లకన్నా చాలావరకు మెత్తనివి. వానాకాలంలో మొదటి రెండు మూడు వానలు దాబా కడిగేశాక పట్టిన వాన నీళ్లు అన్నిటికన్నా మేలు. పటిక తిప్పితే బోరు నీళ్లు మెత్తబడతాయని కొందరు అంటారు. పటిక బురదను అడుగుకు దించుతుంది, కరిగి ఉన్న సున్నాన్ని తీయదు. నీళ్లు బాగా మరగకాచి చల్లార్చి, పైతేట వంచుకుంటే సున్నం కొంత గంజుకే అంటుకుంటుంది, అంతా పోదు. బోరు నీళ్లు తప్ప వేరే గతి లేనివాళ్లకు కుంకుడుకాయే దిక్కు, ఎందుకో కింద చూడండి.

కుంకుడుకాయ: చాలామందికి ఇదే చాలు

కుంకుడు తొక్కలో ఉండే సపోనిన్ అనే నురుగిచ్చే పదార్థానికి సబ్బుకున్న రోగం లేదు. గట్టి నీళ్లలోనూ నురుగిస్తుంది, సున్నంతో కలిసి జిడ్డు కట్టదు. కొంచెం పుల్లటి గుణమున్నది కాబట్టి మాడును పెద్దగా ఎండగొట్టదు. నూనె, చెమట, దుమ్ము తీస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, గుడ్డలో వడకట్టిన రసంలో పాయలో ఇరుక్కునే నలుసు ఉండదు.

భుజాల దాకా ఉన్న ముప్పై నలభై పాయలకు పదిహేను నుంచి ఇరవై కాయలు చాలు. నడుము దాకా ఉంటే ముప్పై తీసుకోండి. కాయ ఎర్రటి గోధుమ రంగులో, ముడతలు పడి, చేత్తో నొక్కితే జిగటగా ఉండాలి. ఊదితే దుమ్ము లేచే పాత కాయ, పురుగు రంధ్రాలున్న కాయ వద్దు. రోట్లో ఒక్క దెబ్బతో పగలగొట్టి నల్ల గింజ తీసేయండి. గింజతో నురుగు రాదు, దాని పెంకు ముక్కలు మాత్రం పాయల్లో ముళ్లలా గుచ్చుకుంటాయి. తొక్కలను లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున స్టీలు గిన్నెలో సన్నటి మంట మీద పది నిమిషాలు కాచి, చల్లారాక చేత్తో పిసకండి. గిన్నె పెద్దది పెట్టుకోవాలి, పాలు పొంగినట్టు పొంగుతుంది.

వడకట్టే దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. టీ జల్లెడ సరిపోదు. దానిగుండా తొక్క పీచు, సన్నటి గుజ్జు దిగుతాయి. పాత నూలు ధోతీ ముక్కను నాలుగు మడతలు వేసి దాంట్లో పోసి, దానంతట అది కారనివ్వాలి. పిండితే గుజ్జు బయటికి వస్తుంది. మొదటిసారి కారినదాన్ని మళ్లీ కడిగిన గుడ్డలో ఇంకోసారి వడకడితే టీ డికాషన్ రంగులో తేటగా ముప్పావు లీటరు రసం వస్తుంది. అనుమానం ఉంటే ఒక చెంచా రసం స్టీలు పళ్లెంలో పోసి ఎండలో పెట్టండి. ఎండాక మిగిలిన పొర మీద చెంచాడు నీళ్లు పోసి వేలితో ఒక్కసారి తుడిస్తే పూర్తిగా పోవాలి. గీకాల్సి వచ్చిందంటే మళ్లీ వడకట్టాలి. ఈ పళ్లెం పరీక్ష కుంకుడుకే కాదు, ఎవరు ఏది పెట్టుకోమన్నా పనికొస్తుంది. శనగపిండి నీళ్లు, మెంతి నీళ్లు ఇదే పళ్లెం మీద ఎండబెట్టి చూడండి, ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

వాడేటప్పుడు రసాన్ని అంతే నీళ్లతో పలచన చేసి, మూతకు చిన్న రంధ్రం పెట్టిన ప్లాస్టిక్ సీసాలో పోసుకోండి. ముందు గోరువెచ్చని నీళ్లతో తల పూర్తిగా తడపాలి. పాయలు నీళ్లు పీల్చడానికి టైమ్ పడుతుంది, పైన తడిసినట్టు కనపడ్డా లోపల పొడిగానే ఉంటాయి, కాబట్టి మూడు నాలుగు నిమిషాలు నీళ్ల కింద ఉండండి. తర్వాత పాయల మధ్య మాడు మీద రసం పోస్తూ వేళ్ల కొసలతో మెల్లగా రుద్దాలి. గోళ్లతో వద్దు, కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చే వెంట్రుక లేచిపోతుంది. పాయలను విడిగా రుద్దక్కర్లేదు. మాడు మీంచి కారిన రసాన్ని పైనుంచి కిందికి పిడికిట్లో పిండుకుంటూ పోతే చాలు. ఐదు నిమిషాలు ఉంచి, పిండిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. మామూలు జుట్టుకు పోసే నీళ్లకు రెండింతలు పడతాయి.

కంట్లో పడితే మంట గట్టిగానే ఉంటుంది, కళ్లు ఎర్రబడతాయి. నోట్లో ఉప్పుగల్లు వేసుకొమ్మని పెద్దలు చెప్తారు. నోట్లో ఏది వేసుకున్నా, కంటికి మాత్రం చల్లని నీళ్లు పది నిమిషాలు పోయాల్సిందే. తల వెనక్కి వాల్చి, నుదుటికి తువాల కట్టుకొని పోయించుకుంటే ఆ బాధే ఉండదు. మొదటిసారి వాడేవాళ్లు ముందురోజు మోచేతి మడత దగ్గర కొంచెం రాసి, దురద వస్తుందేమో చూసుకోవాలి.

శీకాయ: పాత పాయలకు సరే, కొత్తవాటికి వద్దు

శీకాయకు మురికి తీసే బలం కుంకుడుకన్నా తక్కువ, జుట్టును జారుగా చేసే గుణం ఎక్కువ. దువ్వే జుట్టుకు అదే దాని గొప్ప, చిక్కు విడిపోతుంది. జడలు కట్టినవాళ్లకు ఆ గొప్పే ఇబ్బంది. పాయలు వేసి మూడు నాలుగు నెలలు కాకముందే శీకాయ పోస్తే కుదుళ్ల దగ్గర వెంట్రుకలు విడివిడిగా లేస్తాయి, కొసలు విప్పుకుంటాయి. ఏడాది దాటి గట్టిపడ్డ పాయలకు, ముసలివాళ్ల జటలకు ఆ భయం లేదు. పైగా కుంకుడు ఒక్కటే వాడితే జుట్టు పొడిబారిందనిపించేవాళ్లు కుంకుడులో కొంచెం శీకాయ కలుపుకోవచ్చు. అంటే పదిహేను కుంకుళ్లకు రెండు మూడు శీకాయలు, గింజ తీసి, కలిపే నానబెట్టి, కలిపే కాచి, అదే ధోతీ గుడ్డలో రెండుసార్లు వడకట్టడం.

అంగట్లో దొరికే శీకాయ పొడి మాత్రం ముట్టుకోవద్దు. అందులో పీచు, కొన్నిసార్లు మెంతిపొడి, ఉసిరిపొడి కలిసి ఉంటాయి. నీళ్లలో కలిపి పట్టిస్తే ఆ గరుకు ఎప్పటికీ బయటికి రాదు. తెల్లటి జుట్టు, బ్లీచ్ చేసి రంగు వేయించుకున్న పాయలు శీకాయతో గోధుమ రంగుకు తిరుగుతాయి. ఇనుప మూకుడులో కాస్తే రసం నల్లగా అవుతుంది, అందుకే స్టీలు గిన్నె.

వంటసోడా: మూడు నెలలకు ఒకసారి వేసే మందు

డ్రెడ్‌లాక్స్ వాళ్లు ఎక్కువగా చెప్పుకునేది దీని గురించే. పనిచేస్తుంది కూడా. పాత నూనె, జెల్, పేరుకున్న జిడ్డు కరిగి, బకెట్లో నీళ్లు చాయ్ రంగుకు తిరగడం కళ్లారా చూడొచ్చు. ఆ నీళ్లను చూసి ముచ్చటపడి ప్రతి వారం చేసేవాళ్లు ఉన్నారు, వాళ్ల పాయలే బలం తగ్గి మధ్యకు తెగుతాయి. మాడు పీహెచ్ (పులుపు, క్షారం కొలత; ఏడు దాటితే క్షారం) ఐదు దగ్గర ఉంటుంది, సోడా నీళ్లది ఎనిమిది దాటుతుంది. క్షారం తగిలితే వెంట్రుక ఉబ్బుతుంది, పైపొలుసులు లేస్తాయి, మురికి వదలడంతో పాటు వెంట్రుక బలమూ తగ్గుతుంది.

ఐదు లీటర్ల గోరువెచ్చని నీళ్లకు వంటసోడా పెద్ద చెంచాతో తలకొట్టి మూడు, సుమారు 40 గ్రాములు. పూర్తిగా కరగనివ్వాలి. వెడల్పాటి తొట్టిలో పాయలు మునిగేలా పది నిమిషాలు, గట్టిగా మాట్లాడితే పదిహేను. మాడును ముంచక్కర్లేదు. తర్వాత రెండు బకెట్ల మంచినీళ్లతో కడిగి, కింద చెప్పిన నిమ్మ నీళ్లు పోయాలి. బోరు నీళ్లను వేడిచేసి అందులో సోడా వేస్తే సున్నం తెల్లటి నలుసుగా విడిపోయి పాయలకే పడుతుంది. ఈ ఒక్క పనికి భగీరథ నీళ్లో వాన నీళ్లో తప్పనిసరి. మాడు మీద పుండు, గీతలు ఉన్నవాళ్లు, రంగు వేయించుకున్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

సోడాలో వెనిగర్ కలిపి పోసుకునే పద్ధతి ఒకటి తిరుగుతోంది. బుసబుసా పొంగుతుంది కాబట్టి ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది. జరిగేదల్లా ఒకదాన్నొకటి చంపుకోవడం, మిగిలేది ఉప్పు నీళ్లలాంటిది. ముందు సోడా, కడిగాక పులుపు, అదీ వరుస.

ఇంకో జాగ్రత్త. కిరాణం దుకాణంలో 'సోడా' అంటే బట్టల సోడా కట్టిచ్చే అవకాశం ఉంది. దాని పీహెచ్ పదకొండు దాకా పోతుంది. పాత రోజుల్లో చాకలివాళ్లు బట్టలకు వాడిన చౌడు మట్టిలో ఉన్నదీ అదే. బూడిద నీళ్లలోనిది దాని దగ్గరి చుట్టమే. చేతులు కూడా జారుడుగా అనిపిస్తాయి చూడండి, ఆ జారుడు మీ చర్మంలోని నూనె సబ్బుగా మారడం వల్ల. నెత్తికి మూడూ వద్దు.

నిమ్మ, వెనిగర్, నిమ్మ ఉప్పు

ఇవి మురికి తీయవు. కడిగాక పోసేవి ఇవి. లేచిన పొలుసులు అణిగేలా చేస్తాయి, గట్టి నీళ్లు వదిలిన సున్నపు పొరను కరిగిస్తాయి. నకిరేకల్ చుట్టూ నిమ్మతోటలున్న జిల్లాకు నిమ్మకాయ కొరత లేదు గానీ, రసంలో గుజ్జు ఉంటుంది, గింజ ఉంటుంది, కాబట్టి గుడ్డలో వడకట్టి రెండు లీటర్ల నీళ్లకు ఒక కాయ. తెల్ల వెనిగర్ అయితే లీటరుకు రెండు పెద్ద చెంచాలు. వాసన ఆరేసరికి పోతుంది.

నా ఓటు నిమ్మ ఉప్పుకు (సిట్రిక్ యాసిడ్). లీటరుకు పావు టీ చెంచా, అంతే. గుజ్జు లేదు, వాసన లేదు, సున్నాన్ని పట్టుకొని లాగే గుణం బాగా ఉంది, డబ్బాలో ఏడాది ఉంటుంది. మాడుకు తగలకుండా పాయల మీద పోసి, రెండు నిమిషాలాగి మళ్లీ మంచినీళ్లు పోయండి.

నిమ్మరసం వాడితే ఆ చివరి మంచినీళ్లు మానొద్దు. నిమ్మకాయ రసం చర్మం మీద ఉండగా ఎండలో కూర్చుంటే కొందరికి మెడ మీద, నుదుటి మీద కాలిన మచ్చల్లా వస్తాయి. జుట్టు ఆరబెట్టేది ఎండలోనే కదా.

పెట్టకూడనివి, కారణాలతో

శనగపిండి, పెసరపిండి గురించి మొదట్లోనే చెప్పాం. ముల్తానీ మట్టి, నల్లరేగడి కూడా అదే దారి, పులవవు గానీ రాయిలా గట్టిపడి పాయ బరువెక్కుతుంది. గంజి, బియ్యం కడిగిన నీళ్లు పోస్తే పాయలు ఆ పూటకు బిగుతుగా, నున్నగా కనిపిస్తాయి. గంజి పెట్టిన నూలు చీర నిలబడ్డట్టే. చెమట పట్టిన మరుసటిరోజు జిగట, ఆపైన వాసన. చీరను మళ్లీ ఉతికి గంజి వదిలించొచ్చు, పాయ లోపలిది వదలదు. మజ్జిగ, పెరుగు అంతకన్నా చెడ్డవి. గుడ్డుసొన పెట్టి వేడినీళ్లు పోసుకుంటే అది జడలోనే ఉడుకుతుంది. మందారాకు, మెంతులు, కలబంద ముగ్గురూ జిగురు కులం: దువ్వే జుట్టుకు పట్టులా ఉంటాయి, ఇక్కడ లోపల ఎండి తెల్లటి పొలుసుగా రాలుతూనే ఉంటాయి, చుండ్రనుకొని మళ్లీ అదే పెడతారు. గిన్నెలు తోమే లిక్విడ్, బట్టల పొడి మాడును ఎండగొట్టి దురద తెస్తాయి.

కొబ్బరి నూనెకు ఒక మాట. జడలు కట్టిన జుట్టుకు నూనె పట్టిస్తే లోపలికి దిగి, దుమ్ము పట్టి, కొన్ని నెలలకు పాడైన నూనె వాసన కొడుతుంది. మాడు పొడిబారితే రెండు మూడు చుక్కలు వేలితో మాడుకే రాయండి, పాయలకు వద్దు.

షాంపూ సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఈ రెండు పేరాల్లో చెప్పిన వాటికన్నా అడ్డంగా చూస్తే అవతలి పక్క కనిపించే తేట షాంపూ, ఒక చిన్న ప్యాకెట్ మగ్గు నీళ్లలో కలిపి పోసుకోవడం వందరెట్లు నయం. పాలలా, ముత్యంలా మెరిసే షాంపూలు, కండిషనర్ కలిసినవి జిడ్డు వదులుతాయి, అవి వద్దు. కుంకుళ్లు కొట్టి, నానబెట్టి, వడకట్టే ఓపిక లేని వారంలో తేట షాంపూ వాడినందుకు ఎవరూ తప్పుపట్టరు.

ఆరబెట్టడం

ఎంత మంచి సరుకుతో కడిగినా, లోపల తడి మిగిలితే బూజు పడుతుంది. ముక్కిన బట్టల వాసన మొదలైతే అది కడగని మురికి కాదు, ఆరని తడి. మళ్లీ మళ్లీ కడిగితే ఆ వాసన పెరుగుతుందే తప్ప తగ్గదు.

పొద్దున తొమ్మిది లోపు తలస్నానం ముగించండి. పాత నూలు తువాలతో ఒక్కో పాయను కుదురు నుంచి కొసదాకా పట్టి పిండండి, మెలిపెట్టి కాదు, నొక్కి. తువాల తడిసిపోతే ఇంకోటి. వేలంత పాయలు మన మే నెల ఎండకు మూడు నాలుగు గంటల్లో ఆరతాయి, చలికాలం సాయంత్రం అవుతుంది. మణికట్టంత జటకు ఎండాకాలంలోనే పూటంతా కావాలి. ముసురు పట్టిన రోజుల్లో ఆ జటను మొత్తం తడపకండి, వాన తెరిపిచ్చే రోజు దాకా ఆగొచ్చు.

ఆరిందో లేదో పైన తాకితే తెలియదు. మెడ వెనుక అన్నిటికన్నా లావైన పాయను తెల్ల గుడ్డలో పెట్టి, పది లెక్కపెట్టేదాకా గట్టిగా నొక్కి చూడండి. గుడ్డ చల్లగా తగిలినా తడి ఉన్నట్టే. అప్పటిదాకా కొప్పు ముడవొద్దు, రుమాలు చుట్టొద్దు, పడుకోవద్దు. టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చోవడం మంచి పద్ధతి. సాంబ్రాణి పొగ తడి జుట్టుకు పడితే మసి వాసన లోపలే ఉండిపోతుంది. వేయాలనుకుంటే పూర్తిగా ఆరాక, నిప్పులకు మూరెడు దూరంలో.

ఎవరికి ఏది

పాయలు వేయించుకొని మూడు నెలలు కానివాళ్లకు పలచటి కుంకుడు రసం మాత్రమే, పది రోజులకు ఒకసారి, అదీ మాడుకు. కడిగేటప్పుడు పాయలను సన్నటి గుడ్డతోనో పాత సాక్సుతోనో కప్పుకుంటే విడిపోవు. చేను పనులు, ఇటుక బట్టీ, సిమెంటు పని చేసేవాళ్లకు వారానికి ఒకసారి కుంకుడు, నెలకోసారి నిమ్మ ఉప్పు నీళ్లు. మధ్యలో చెమట పట్టిన రోజు ఉత్త నీళ్లు మాడు మీద పోసుకుంటే సరిపోతుంది. ఏళ్ల తరబడి నూనె, జెల్ పట్టించి ఇప్పుడు మానేసినవాళ్లు ఒక్కసారి సోడాతో మొదలుపెట్టి ఆపైన కుంకుడుకు మారాలి.

పొలుసులుగా రాలే చుండ్రు, ఎర్రటి మచ్చలు ఉంటే వంటింట్లో వెతక్కండి. కీటోకొనజోల్ షాంపూ మాడుకు పట్టించి, ఐదు నిమిషాలుంచి కడగాలి, అది మెడికల్ షాపులో దొరుకుతుంది. పేలు పడితే కిరోసిన్ పోసే అలవాటు ఇంకా పోలేదు. దీపం దగ్గర, పొయ్యి దగ్గర ప్రాణం మీదికి వస్తుంది, మాడు కూడా కాలుతుంది. జడలను పేల దువ్వెనతో దువ్వలేం కాబట్టి చర్మ డాక్టరు చీటీ రాయించుకోవడమే దారి.

ఇక అవ్వల జట. అమ్మవారి జడలకు నీళ్లు తగలొద్దన్న నమ్మకం కొన్ని ఇళ్లలో ఉంటుంది. దాంతో వాదన పెట్టుకోనక్కర్లేదు. "అవ్వా, జడ ముట్టనులే, నెత్తి ఒక్కటి తుడుస్త" అంటే చాలామంది ఒప్పుకుంటారు. గిన్నెడు పలచటి కుంకుడు రసం, ఇంకో గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, రెండు మెత్తటి గుడ్డలు తీసుకోండి. రసంలో ముంచి పిండిన గుడ్డను వేలికి చుట్టి, జట మొదళ్ల మధ్య, చెవుల వెనుక, మెడ మీద తుడవాలి. వెంటనే నీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడవాలి. జట తడవదు, పావుగంట ఫ్యానుకే మాడు ఆరుతుంది. తుడిచేటప్పుడే చూసుకోండి, జట బరువుకు మొదళ్లు లాగబడి పుండ్లు పడ్డాయా, చీము ఉందా అని. షుగర్ ఉన్నవాళ్లయితే అది రోజుల్లో ముదురుతుంది, ఆస్పత్రికి తీసుకుపోవాలి.

మిగిలిన కుంకుడు రసం బయట రెండో రోజుకే పుల్లవాసన కొడుతుంది, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులుంటుంది. వాసన మారినది నెత్తికి పోయకండి. దాంట్లో వెండి పట్టీలు పావుగంట నానబెట్టి పాత బ్రష్షుతో రుద్దితే తెల్లగా వస్తాయి.